రాళ్ళదారి నుంచి తారురోడ్డుకి

మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు మా అన్నయ్య కూతురు నన్నొక ప్రశ్న అడిగింది. ఆ పిల్ల పాలకొండలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. మూడేళ్ళుగా ఆదివారం వస్తే చాలు, లావుపాటి టైర్ల కొండసైకిలు తీసుకుని సీతంపేట వైపు కొండల్లోకి పోతుంది. జీడితోటల మధ్య కాలిబాటలు, గెడ్డల పక్కన రాళ్ళు, ఎర్రమట్టి దిగుళ్ళు, అదీ ఆమె లోకం. విశాఖపట్నంలో ఆమె స్నేహితులు కొందరు సన్న టైర్ల రోడ్డు సైకిళ్ళ మీద తెల్లవారకుండానే హైవే ఎక్కి వంద కిలోమీటర్లు తొక్కి వస్తారట. తనని కూడా రమ్మంటున్నారట. "నేనూ మొదలెట్టనా అత్తా? కొండల్లో తిరిగినదానికి ఆ రోడ్డు మీద ఏటుంటుందో మరి" అంది.

"వద్దే అమ్మా. నలుగురూ తిరిగే రోడ్డు, మనకెందుకు?" అన్నాను. అనేసి వంటింట్లోకి వెళ్ళి, చేతిలో గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. ఆ మాట నాది కాదు. 1977లో మా నాన్న నాతో అన్న మాట. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని. అయినా అది అక్షరం పొల్లుపోకుండా నా నోట్లోంచే వచ్చింది. లారీల భయం అని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను గాని, నేను లారీ అనలేదు, నలుగురూ అన్నాను. ఆ పిల్లకి నేను ఇవ్వాల్సిన అసలు జవాబు కోసం ఇదంతా రాస్తున్నాను.

మా ఊరు రాజాం దగ్గర. హైస్కూలు నాలుగు కిలోమీటర్ల దూరం. అన్నయ్యకి నాన్న ఒక పాత హెర్క్యులిస్ సైకిలు కొన్నారు. అన్నయ్య పొలానికి పోయిన వేళ చూసుకుని నేను దాన్ని చెరువుగట్టు మీదకి నడిపించుకుపోయేదాన్ని. సీటు అందదు కాబట్టి నడిమి గొట్టం కింద నుంచి కుడికాలు దూర్చి, సైకిలు ఒకపక్కకీ నేనొకపక్కకీ వాలిపోయి తొక్కడం. గట్టు నిండా తుమ్మముళ్ళు, గొడ్లు తొక్కిన గుంటలు. ఆ ఏడు మా ఊళ్ళో సైకిలు నేర్చుకున్న ఆడపిల్లలం ముగ్గురం. ఒకరం గట్టు మీద, ఒకరం కళ్ళంలో, ఒకరం మామిడితోటలో. రోడ్డు మీద నేర్చుకున్నది ఎవరూ లేరు. మగపిల్లలు రోడ్డు మీదే నేర్చుకునేవారు. పడితే జనం నవ్వేవారు, లేవదీసేవారు, వెనక సీటు పట్టుకుని మళ్ళీ తోసేవారు. కొండసైకిలు అన్న మాట అప్పటికి మేం విననేలేదు గాని, ఆ లెక్కన మేం ముగ్గురం గతుకుల దారి సైకిలిస్టులమే. ఇష్టపడి అయినవాళ్ళం మాత్రం కాదు.

ఒకరోజు ధైర్యం చేసి ఆ సైకిలు మీదే బడికి వెళ్ళాను. నేను తిరిగి ఇల్లు చేరేసరికి కబురు నాకన్నా ముందే చేరింది. నాన్న కొట్టలేదు, తిట్టలేదు, ఆ ఒక్కమాట అన్నారు. మరికొన్నాళ్ళకి పెద్దమనిషినయ్యాను. సైకిలు సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, ఇన్నేళ్ళకి అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ఆడవాళ్ళ సైకిలు చరిత్ర చదివితే మొదటినుంచీ అది రోడ్డు చరిత్రే. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ సమానంగా ఉన్న 'రోవర్' సైకిలు తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. అంతకుముందున్న ఎత్తు చక్రం సైకిలు ఎక్కాలంటే ఆడవాళ్ళకి ఆ దుస్తుల్లో అసాధ్యం. ఈ కొత్త బండి ఎవరైనా ఎక్కగలిగింది. వెంటనే డాక్టర్లు రంగంలోకి దిగారు. సీటు మీద కూర్చుంటే గర్భాశయం చెడుతుందన్నారు, కామోద్రేకం కలుగుతుందన్నారు. 'సైకిలు ముఖం' అని ఒక జబ్బు కూడా కనిపెట్టారు. ఎక్కువ తొక్కితే ఆడదాని ముఖం బిగుసుకుపోయి కళ్ళు పొడుచుకొస్తాయట! ఇంట్లో ఊపిరాడని కార్సెట్టు బిగించుకున్నప్పుడు ఏ డాక్టరుకీ కనబడని ముఖం రోడ్డెక్కగానే అందరికీ కనబడింది. 1896లో నెల్లీ బ్లై అనే పత్రికా రచయిత్రి సూసన్ బి. ఆంథొనీని ఇంటర్వ్యూ చేస్తే, ఆ ఓటుహక్కు నాయకురాలు స్త్రీ విముక్తికి సైకిలు చేసినంత మేలు ప్రపంచంలో మరేదీ చేయలేదన్న అర్థం వచ్చేలా చెప్పింది. అప్పటికి ఆమె వయసు 75.

సరిగ్గా అవే సంవత్సరాల్లో మా వైపు ఏం జరుగుతోంది? 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది. దాని ఇంగ్లీషు ముందుమాటలో గురజాడ ఒక లెక్క ఇచ్చాడు. మహారాజు తీయించిన లెక్క అది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళు 1,034. వాటిలో ఏడాది వయసున్న పసిపిల్లలు కూడా ఉన్నారు. ఒకచోట ఆడది ఏ సీటు మీద కూర్చోవచ్చునా అని చర్చ జరుగుతుంటే ఇక్కడ ఆడపిల్ల పీటల మీద కూర్చునే వయసు గురించి చర్చ. పోల్చడం నాకే కష్టంగా ఉంటుంది. అయినా రెండింటి వెనకా ఉన్న ఆరా ఒకటే: ఈ మనిషి ఇంటి నుంచి ఎంత దూరం, ఎవరి వెంట, ఎవరి లెక్కలో వెళ్తుంది?

ఈ చరిత్రలో నాకిష్టమైన మనిషి ఆనీ కొప్‌చోవ్‌స్కీ. లాత్వియా నుంచి వలస వచ్చిన యూదు ఇల్లాలు, ముగ్గురు పిల్లల తల్లి. 1894లో బోస్టన్ నుంచి ప్రపంచయాత్రకని సైకిలెక్కింది. ఒక మంచినీళ్ళ కంపెనీ 100 డాలర్లిస్తే దాని పేరే తన పేరుగా పెట్టుకుని ఆనీ లండన్‌డెరీ అయింది. బయల్దేరిన సైకిలు బరువు 42 పౌన్లు, అంటే 19 కిలోలు. పొడుగు లంగా సరేసరి. షికాగో చేరేసరికి ఇది కుదిరే పని కాదని తేలిపోయింది. అక్కడ ఆమె సైకిలు మార్చింది. అందులో సగం బరువున్న మగవాళ్ళ స్టెర్లింగ్ సైకిలు తీసుకుంది, లంగా వదిలి బ్లూమర్లు వేసుకుంది. యాత్రలో చాలా దూరం ఓడల మీదే వెళ్ళిందనీ, చెప్పిన కథల్లో సగం కోతలేననీ విమర్శలున్నాయి. ఉండనివ్వండి. బండి మార్చడం అంటే ఓడిపోవడం కాదని షికాగోలో ఆమెకి తెలిసింది. మా పిల్ల అడిగిన ప్రశ్నకి నాకు మొదట గుర్తొచ్చింది ఆ మజిలీయే.

రోడ్డు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. అదే బోస్టన్‌లో కిట్టీ నాక్స్ అని నల్లజాతి దర్జీ అమ్మాయి ఉండేది. తన సైకిలు దుస్తులు తనే కుట్టుకునేది. అమెరికా సైక్లిస్టుల సంఘం 1894లో సభ్యత్వం తెల్లవాళ్ళకే అని నిబంధన పెట్టింది. ఆమె అంతకుముందే సభ్యురాలు. 1895లో ఆస్బరీ పార్కులో సంఘం సమావేశానికి వెళ్తే ఆమె సభ్యత్వం మీద పెద్ద రగడ జరిగింది. మన ఊళ్ళలో ఊరి వీధి వచ్చేసరికి సైకిలు దిగి నడిపించుకుపోవలసి వచ్చిన దళితుల సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. మా వీధిలోంచి సైకిలు తొక్కుకుపోతే నలుగురూ ఏమనుకుంటారోనన్నది నా కష్టం. మా వీధిలో సైకిలు ఎక్కడానికే వీల్లేకపోవడం మరో ఆడపిల్ల కష్టం. ఆ రెండూ ఒకటేనని నేను చెప్పను.

ఇటలీలో అల్ఫోన్సీనా స్త్రాదా 1924లో మగవాళ్ళ జీరో ద ఇటాలియా పందెంలో తొక్కింది. జాబితాలో పేరు చివరి అక్షరం ఎగిరిపోయి మగపేరులా కనబడిందంటారు. కొండదారిలో పడి హ్యాండిల్ విరిగితే చీపురుకర్ర కట్టుకుని తొక్కిందని చెప్తారు. ఆ రోజు సమయం మించిపోయినందుకు పందెం లెక్కలోంచి తీసేశారు గాని, తొక్కనిచ్చారు. ఆమె చివరిదాకా వెళ్ళింది. ఆ తర్వాత ఏళ్ళలో ఆమెకి ఆ పందెంలో చోటు ఇవ్వలేదు.

కొండసైకిలు వీటన్నిటికీ చాలా తర్వాత పుట్టింది. 1970లలో కాలిఫోర్నియాలో, మౌంట్ టామల్‌పయస్ వాలుల్లో, కొందరు కుర్రాళ్ళు 1930ల, 40ల నాటి లావు టైర్ల పాత సైకిళ్ళు బాగుచేసుకుని మట్టిదారుల్లో దిగడం మొదలెట్టారు. 1976 అక్టోబర్ 21న మొదటి పందెం పెట్టుకున్నారు. దిగేసరికి వెనక బ్రేకులో గ్రీజు మాడిపోయేది, మళ్ళీ కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు. ఈ కథ ఎప్పుడు చెప్పినా జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అని మగ పేర్లే వస్తాయి. ఆ రోజులు మన కళ్ళకి కట్టడానికి కారణం వెండీ క్రాగ్ అనే ఆమె. వాళ్ళతో కలిసి తొక్కుతూ, మెళ్ళో కెమెరా వేసుకుని, ఆ గుంపు ఫొటోలు తీసింది ఆమే. ఫొటో తీసేవాళ్ళు ఫొటోలో ఉండరు, చరిత్రలోనూ అంతే అయింది.

ఒక తేడా మాత్రం గమనించాలి. ఒలింపిక్స్‌లో మగవాళ్ళ రోడ్డు పందెం 1896 ఏథెన్స్‌లోనే ఉంది. ఆడవాళ్ళకి అది 1984 లాస్ ఏంజెలిస్‌లో గాని రాలేదు. 88 ఏళ్ళు. కొండసైకిలు పందెం 1996 అట్లాంటాలో ప్రవేశపెట్టినప్పుడు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకేసారి పెట్టారు. స్త్రీల ఉద్యమాలు వచ్చాక పుట్టిన ఆట కాబట్టి దాని తలుపు దగ్గర తాతలెవరూ కర్ర పట్టుకుని కూర్చుని లేరు. ఈ సంగతి చెప్తే మా పిల్ల ఎగిరి గంతేసింది. "చూశావా, నా కొండే నయం!" అంది. నయమే. ఎవరూ లేనిచోట ముందుగా జాగా దొరుకుతుంది. మాకు చెరువుగట్టు దొరికినట్టు.

అయితే ఆ కొండ మీద ఎవరూ లేరా? కిందటి శీతాకాలం ఒకసారి ఆమెతో సీతంపేట దాకా బస్సులో వెళ్ళాను. కొంతదూరం ఆ కాలిబాటలో నడిచాను. ఆమె సైకిలు రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతుంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఎదురుగా ఒక సవర ఆడమనిషి, నెత్తి మీద కొండచీపుళ్ళ మోపు, సంతకి దిగుతోంది. మోపు దించకుండానే మా పిల్లని చూసి ఆగింది. "రోడ్డుండగా ఈ రాళ్ళల్లో ఏటమ్మా నీకు?" అంది. వెక్కిరింపు లేదు, నిజంగానే అడిగింది. మా పిల్ల ఏదో చెప్పి నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

ఆ మనిషికి ఆ దారి ఆట కాదు. చీపుళ్ళూ అనాసలూ పసుపూ నెత్తిన పెట్టుకుని దిగే దారి. ఈ కొండల్లోనే 1960ల చివర్లో గిరిజన పోరాటం నడిచింది. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలని కాల్చి చంపాక అది సాయుధ పోరాటమైంది. పంచాది నిర్మల లాంటి ఆడవాళ్ళు తిరిగినవి ఇలాంటి బాటల్లోనే. 1969 డిసెంబర్‌లో ఆమెనీ కాల్చి చంపారు. పోరాటం అణిగాక పోలీసులూ, ఐటీడీఏ ఆఫీసులూ, రోడ్లూ వెనకా ముందుగా కొండల్లోకి వచ్చాయి. అందుకే ఏజెన్సీలో రోడ్డు అనేది అమాయకమైన వస్తువు కాదు. అదే సమయంలో, ఇవాళ్టికీ రోడ్డు లేని గూడేల నుంచి నొప్పులు పడుతున్న మనిషిని డోలీ కట్టి మోసుకొస్తున్న ఫొటోలు పేపర్లో వస్తూనే ఉన్నాయి. సీతంపేట ఇదివరకు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. జిల్లా మారినంత తేలిగ్గా దారి మారలేదు. రాళ్ళదారి అందం గురించి మాట్లాడగలగడం కూడా, కిందికి దిగాక రోడ్డు ఉన్నవాళ్ళకే చెల్లుతుందని నాకు ఆ రోజు తెలిసొచ్చింది.

రోడ్డు మీదకి గుంపుగా వచ్చిన ఆడవాళ్ళ కథ మన పక్క రాష్ట్రంలో ఉంది. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోటలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ చదువుతోపాటు సైకిలు నేర్పడం కూడా ఉద్యమంలో కలిపారు. వ్యవసాయ కూలీలు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, నర్సులు, టీచర్లు వేలమంది నేర్చుకున్నారు. పి. సాయినాథ్ ఆ జిల్లాకి వెళ్ళి రాసిన వ్యాసంలో ఒక వివరం నేనెప్పుడూ మర్చిపోను. లేడీస్ సైకిళ్ళు సరిపోకపోతే ఆడవాళ్ళు జెంట్స్ సైకిళ్ళే ఎక్కారు. కొందరు అవే మేలన్నారు. ముందు అడ్డగొట్టం ఉంటుంది కదా, దానిమీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చు! ఆడవాళ్ళ మర్యాద కోసమని నూరేళ్ళ కిందట కిందికి వంచిన గొట్టాన్ని వాళ్ళు ఒక్క మాటతో పైకెత్తేశారు. అవే రోజుల్లో, 1992లో, మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అదే అక్షరాస్యత ఉద్యమం నుంచి సారా వ్యతిరేక పోరాటం పుట్టింది. దూబగుంట గురించి మనం ఎంతో రాసుకున్నాం, రాసుకోవాల్సిందే. పుదుక్కోట గురించి తెలుగులో ఎందుకంత తక్కువ మాట్లాడుకున్నామా అని నాకనిపిస్తుంది. సారా మానిపించడం కుటుంబం కోసం అని చెప్పుకోవచ్చు. సైకిలు తొక్కడం ఎవరికోసం అని చెప్పాలి? వాళ్ళు నీళ్ళబిందెలూ, పంటసరుకూ, పిల్లల్నీ మోసిన మాట నిజమే. ఖాళీ కేరియర్‌తో తొక్కిన గంటలు కూడా ఉండే ఉంటాయి.

ఇక మా పిల్ల ప్రశ్నకి వస్తాను. సైకిలు యంత్రంగా చూస్తే తేడా పెద్దదే. కొండసైకిలు టైరు రెండంగుళాలు దాటి ఉంటుంది, బొడిపెలుంటాయి, గాలి తక్కువ. రాళ్ళని పట్టుకుంటుంది, రోడ్డు మీద మాత్రం ఈడుస్తుంది. హ్యాండిల్ వెడల్పు, నడుం నిటారుగా ఉంటుంది. రోడ్డు సైకిలు టైరు 25 నుంచి 32 మిల్లీమీటర్లు, గాలి బిర్రుగా ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ అడ్డుపడేది ముఖ్యంగా గాలే కాబట్టి హ్యాండిల్ వంచి నడుం వంచమంటుంది. కొండలో బలం క్షణక్షణానికి తెచ్చుకోవాలి, అదుపు చేతుల్లో ఉండాలి. రోడ్డు మీద ఒకే లయలో గంటలు గంటలు కూర్చోవాలి. ఆ కూర్చోవడం ఆడవాళ్ళ సమస్య. సీట్లు చాలాకాలం మగ నడుం కొలతలకే తయారయ్యాయి, నొప్పి గురించి నోరు విప్పి చెప్పుకోవడానికే మనకి నూరేళ్ళు పట్టింది. కొండలో అయితే సగంసేపు పెడళ్ళ మీద నిలబడే ఉంటారు కాబట్టి అంత తెలియదని మా పిల్ల చెప్పింది.

కొండ నుంచి రోడ్డుకి వచ్చినవాళ్ళకి ఏమవుతుందంటే, ఫ్రాన్సు అమ్మాయి పోలీన్ ఫెరాన్-ప్రెవో కథ ఉంది. 2014లో రోడ్డు మీద ప్రపంచ ఛాంపియన్. తర్వాత ఏళ్ళు ఎక్కువగా కొండసైకిలు మీదే గడిపింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కొండసైకిలు స్వర్ణం గెలిచాక మళ్ళీ రోడ్డుకి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో రాళ్ళు పరిచిన దారులకి పేరుబడ్డ పారిస్-రూబే పందెం గెలిచింది. అదే ఆగస్టులో స్త్రీల టూర్ ద ఫ్రాన్స్ గెలిచింది. మట్టిలో నేర్చిన అదుపు ఆ రాళ్ళ మీద ఆమెకి అక్కరకొచ్చిందనే నేననుకుంటాను. అయితే టూర్ కోసం ఆమె బరువు తగ్గించుకున్న తీరు మీద పెద్ద చర్చ జరిగింది. ఎత్తు ఎక్కాలంటే తేలికగా ఉండాలి, మిగిలిన అమ్మాయిలూ అలా చిక్కిపోవాలా అన్నది చర్చ. అదే పని మగ సైక్లిస్టులు దశాబ్దాలుగా చేస్తే అది శాస్త్రం. అయినా ఆ ప్రశ్నని నేను కొట్టిపారేయను. ఆడదాని ఒంటిని కొలిచే తూనికరాళ్ళు రోడ్డు పక్కన ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. మా జిల్లా నుంచి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమె. అక్కడ కూడా వెళ్ళేముందు ఆమె ఒంటి మీద వచ్చిన వ్యాఖ్యలు మనం చదివినవే.

ఇవన్నీ ఫోనులో నాలుగు రాత్రులు చెప్పాను. ఐదో రాత్రి ఆ పిల్ల చెప్పింది. ఎప్పుడో ఒకసారి రోడ్డు మీద తొక్కుతుంటే మోటారుసైకిలు మీద ఇద్దరు చాలాదూరం పక్కనే వచ్చారట, మాటలన్నారట. తర్వాతే కొండదారి పట్టిందట. "కానీ అత్తా, అందుకే కొండెక్కానని నువ్వు రాసేస్తే ఊరుకోను. ఆ రాళ్ళు నాకిష్టం" అంది. రాయనన్నాను. ఇదిగో, రాశాను. రెండూ నిజమే కాబట్టి రాశాను.

నేను చెప్పింది ఇది: వెళ్ళు. కొండ మానొద్దు, రోడ్డు వదలొద్దు. కొత్త సైకిలుకి డబ్బు పోసేముందు ఇప్పుడున్న దానికే బొడిపెల్లేని నున్నటి టైర్లు వేయించి నాలుగు వారాలు తొక్కి చూడు. వెనక ఎర్రలైటు పెట్టుకో. మొదట్లో ఇద్దరు ముగ్గురుగా వెళ్ళు. కొండలో నువ్వు పడితే చూసేవాళ్ళుండరు, రోడ్డు మీద నువ్వు పడకపోయినా చూస్తారు. చూడనీ. చూసి చూసి వాళ్ళకి అలవాటవ్వాలంటే ఎవరో ఒకరు కనబడుతూ ఉండాలి కదా.

కిందటి ఆదివారం పాలకొండ నుంచి ఆమదాలవలస మీదుగా శ్రీకాకుళం మా ఇంటికి వచ్చింది, ఇంకో అమ్మాయితో కలిసి. ఏడున్నరకల్లా గేటు దగ్గర బెల్లు వినబడింది. దారిలో టీ కొట్టు దగ్గర ఆగితే ఒక తాత "ఎవులమ్మాయివమ్మా?" అని అడిగాడట. ఊరు చెప్పిందట, పేరు చెప్పిందట, ఆయన మళ్ళీ "ఎవులమ్మాయివి?" అన్నాడట. టీ డబ్బులు మాత్రం తీసుకోలేదట. ఉప్మా తిని ఇద్దరూ నిద్రపోయారు. సైకిళ్ళు వరండాలో గోడకి ఆనించి ఉన్నాయి. మా పిల్లదాన్ని పట్టుకుని చూశాను, అనుకున్నంత బరువు లేదు. సీటు నా నడుం దాటి ఉంది. దించడానికి ఏదో చిన్న పిడి ఉంటుందని చెప్పింది. అది ఎక్కడుందో వెతికాను.